చాప విప్పేదాకా

నుకుఅలోఫా,
జూన్ 12, 1994.

గౌరవనీయులైన లెసియేలి వదినగారికి,

మీ తమ్ముడి భార్య మెలెనైతె తల వంచి రాస్తున్న ఉత్తరం. దేవుని దయవల్ల ఇక్కడ నేనూ, మా అబ్బాయి కితియోనే కూడా క్షేమం. మంగళవారం ఓడలో మీకొక బుట్ట పంపుతున్నాను. సబ్బులు, మోకాళ్ళకి తైలం, నేను అల్లిన విసనకర్ర ఉన్నాయి. అడుగున ఉన్న చిన్న సీసాలో పరిమళం నూనె మీకోసమే. సతేకి పెళ్ళాం తోఆకాసె అడిగినా ఇవ్వకండి.

మిమ్మల్ని ఒక మాట అడగాలి. మూడు ఆదివారాలు ప్రార్థన చేసుకుని, మూడు కాగితాలు చించి, ఇది నాలుగో కాగితం.

మా చర్చి పాటల బృందంలో లోసలీనె అనే అమ్మాయి కోర్టులో టైపు చేస్తుంది. మొన్న ఇస్త్రీ బట్టల కోసం నా గదికి వచ్చింది. మాట మీద మాట వచ్చి మీ తమ్ముడు సియాఓసి నేల సంగతి చెప్పాను. ఆయన పోయిన ఏడాదికి ఆ ఎనిమిదెకరాలు సతేకి పేరున ఎక్కిపోయాయని చెప్పాను. ఆ పిల్ల తింటున్న చామదుంప కింద పెట్టేసింది.

"ఎక్కి ఎన్నాళ్ళయింది పిన్నీ?"

"1984 నవంబరు 28."

"అయితే ఈ నవంబరు 28 దాకే నీకు టైం. హక్కు నీదని కోర్టు చేత చెప్పించుకోవాలంటే పదేళ్ళలోపే అడగాలి. పదకొండో ఏట దేవదూత దిగొచ్చి సాక్ష్యం చెప్పినా మా ఆఫీసులో ఫైలు తెరవరు."

వదినగారూ, ఆ రాత్రి నాకు నిద్ర లేదు. కితియోనేకి ఇరవైమూడు నిండాయి. రేవులో బస్తాలు మోస్తున్నాడు. వాళ్ళ నాన్న పాతిన వెనిల్లా తీగల్ని మరొకరు కోసుకుంటున్నారు. మీరు వాడికి మేనత్త. మా ఇంట్లో మీ మాటకి పైన మాట లేదు. అందుకే ముందు మిమ్మల్నే అడుగుతున్నాను. కోర్టుకి వెళ్ళడానికి మీ అనుమతి కావాలి.

ఇంకొక సంగతి. ఇన్నేళ్ళుగా అడగలేకపోయాను. సియాఓసి పోయి ఏడాది నిండిన రోజున, ఏడాదిగా నా ఒంటికి చుట్టుకున్న మైలచాపని ఆచారం ప్రకారం మీ చేత్తో విప్పడానికి మీరు రాలేదు. నేను పొద్దుటి నుంచి గుమ్మంలో కూర్చునే ఉన్నాను. తలనొప్పి అని కబురు పంపారు. పొద్దు వాలాక నా చాప నేనే విప్పుకున్నాను. నా వల్ల ఏం తప్పు జరిగిందో ఇప్పటికైనా చెప్పండి.

మీ మరదలు,
మెలెనైతె.


లెయిమతూఅ, వవావు,
జూన్ 30.

మెలెనైతెకి,

బుట్ట అందింది. సబ్బు ఒకటే ఉంది, రెండోదాంతో ఓడవాళ్ళు స్నానం చేశారు కాబోలు. తైలం బాగుంది.

నీ ఉత్తరం చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తమ్ముడి శవం ఇంట్లో ఉండగా, ఊరంతా వింటుండగా నేనేం చెప్పాను? "చాప విప్పేదాకా ఈ ఇంట్లో ఎవరూ నేల మాట ఎత్తవద్దు. తోటలో అడుగు పెట్టవద్దు. చచ్చినవాడి మంచం చల్లారకముందే గట్లు కొలిచే జాతి కాదు మనది" అన్నాను. అందరూ తల ఊపారు. నువ్వూ ఊపావు.

ఆ తర్వాత తెలిసిందేమిటి? విధవ అయినా కొడుకైనా ఏడాదిలోగా ఆఫీసుకి వెళ్ళి నేల మాదీ అని అడగాలిట. అడగకపోతే నేల ఊరి దొర చేతికి తిరిగిపోతుందిట. మన మైల ఏడాది, వాళ్ళ గడువు ఏడాది. రెండూ ఒక్కరోజే నిండాయి. మనం మైల తీరే విందుకి పంది కాల్చుకుంటూ కూర్చున్నాం. దొర సతేకికి ఇచ్చాడు. అది దేవుడి చిత్తం అనుకుని ఊరుకున్నాం కదా? ఏడాదిలో అడగని వాళ్ళకి పదేళ్ళ ముచ్చట దేనికి?

సతేకి పరాయివాడా? మా చిన్నాన్న కొడుకు. నాకు తమ్ముడి వరస. చర్చిలో పెద్ద. ఆదివారం ఆదివారం నాకు పొయ్యిలో కాల్చిన పెండలం పంపిస్తాడు. నేనుంటున్న గుడిసె అతని పెరట్లో ఉంది. విధవదాన్ని, ఈ వయసులో నన్ను ఎక్కడికి పొమ్మంటావు?

అనుమతి లేదు. టైపు కొట్టే పిల్లల మాటలు విని ఇంటి పరువు కోర్టుకి ఎక్కించకు.

చాప సంగతి అడిగావు. తలనొప్పి అన్నాను, తలనొప్పే.

లెసియేలి.


నుకుఅలోఫా,
జూలై 17, 1994.

వదినగారికి,

మీ ఉత్తరం ప్రార్థన గదిలో, మోకాళ్ళ మీదే చదివాను. చదివి లేచాను. లేచి ఇది రాస్తున్నాను.

ఏడాదిలో అడగని వాళ్ళు అన్నారు. వదినగారూ, నేను అడిగాను.

పదేళ్ళుగా ఈ మాట దేవుడికి తప్ప ఎవరికీ చెప్పలేదు. మీ మాట మీరిన దాన్నని తెలిస్తే మీరు నా ముఖం చూడరని భయం. ఇప్పుడు ఎలాగూ చూడటం లేదు కనుక చెబుతున్నాను.

ఆ ఏడు సెప్టెంబరులో ఒక పొద్దున సముద్రానికి వెళ్ళే దారిలో తోట కంచె పక్కగా నడిచాను. అడుగు పెట్టలేదు. కంచె బయటే నిలబడ్డాను. వెనిల్లా విరగబూసి ఉంది. ఆ పువ్వు ఒక్క పూటే విచ్చుకుంటుందని మీకు తెలుసు. ఎండ ఎక్కేలోపు నిమ్మముల్లుతో ఒక్కొక్కటీ ముట్టుకుంటేనే కాయ. సియాఓసి బతికుండగా ఆ పని నాదే. ఆ రోజు నా కళ్ళ ముందే పువ్వులు ఒకటొకటి వాడి రాలిపోతున్నాయి. నేను చాపలో మునిగి చూస్తున్నాను. "ఓ ప్రభువా, ఈ పువ్వుకి మైల తెలియదు" అనుకున్నాను. ఇక ఇంటికి వెళ్ళలేదు. అటునుంచి అటే నేయాఫు పట్నం వెళ్ళే బండి ఎక్కాను.

అది 1984 సెప్టెంబరు 14, శుక్రవారం. ఏడాది నిండటానికి ఇంకా ఇరవై రోజులు ఉన్నాయి. చెవుల దాకా వచ్చిన ఆ చిరుగుల చాపతోనే నేల ఆఫీసు మెట్లు ఎక్కాను. గుమాస్తా ఫెలెతీగారు నన్ను చూసి కుర్చీలోంచి లేచి తల దించుకున్నారు. నేను రాసిన కాగితం తీసుకున్నారు. పుస్తకం తెరిచారు, మళ్ళీ మూసేశారు.

"అమ్మా, మీరు పెద్ద మైలలో ఉన్నారు. మీ చేత ఇప్పుడు పుస్తకంలో సంతకం పెట్టించడం మర్యాద కాదు. కాగితం నా దగ్గర ఉంటుంది. చాప విప్పాక వచ్చి సంతకం చేద్దురుగాని" అన్నారు.

మంచివాడు వదినగారూ. ఆ మంచితనమే నన్ను ముంచింది. చాప విప్పాక వెళితే ఏడాది దాటిందన్నారు. ఫెలెతీగారికి హఅపై దీవులకి బదిలీ అయింది. కాగితం ఏదీ లేదన్నారు. రచ్చ చేస్తే మీకు తెలుస్తుందని తిరిగి వచ్చేశాను. ఫెలెతీగారు మొన్న తొంభై ఒకటిలో పోయారు.

నేను ఒక లాయరుని కలిశాను. కాగితం చేతికి ఇచ్చినప్పుడే అడిగినట్టు, పుస్తకంలో ఎక్కించడం వాళ్ళ పని, మన పని కాదు అన్నాడు. బతికినంత కాలం నేల నాది, నా తర్వాత కితియోనేది అని ప్రకటించమని కోర్టును అడగవచ్చట. "కానీ ఇచ్చావని చెప్పే సాక్షి కావాలమ్మా" అన్నాడు. దేవుడు చూశాడన్నాను. "ఆయన కోర్టు మెట్లు ఎక్కడు కదమ్మా" అన్నాడు.

అనుమతి మళ్ళీ అడుగుతున్నాను. ఈసారి నిజం చెప్పి అడుగుతున్నాను.

మెలెనైతె.


నుకుఅలోఫా,
ఆగస్టు 21, 1994.

వదినగారికి,

ఐదు వారాలయింది. నాలుగు ఓడలు వచ్చాయి. మీ ఉత్తరం లేదు. ఆరోగ్యం బాగుందని వవావు నుంచి వచ్చిన పాస్టరుగారి భార్య చెప్పింది. తలనొప్పి కూడా లేదట.

మెలెనైతె.


లెయిమతూఅ, వవావు,
సెప్టెంబరు 4.

మెలెనైతెకి,

నీకు నోరు వచ్చిందన్నమాట. సంతోషం.

పెద్ద మైలలో ఉన్న ఆడది, చావు చాప కట్టుకుని సర్కారు ఆఫీసు ఎక్కడం! మా అమ్మ ఉంటే గుండె ఆగి చచ్చేది. నా మాట అంటే నీకు కొబ్బరి పీచు. అదంతా తెలిసీ నేను నీకు దండ వేసి కోర్టుకి పంపాలా?

ఇంకో మాట. నేను అనేది కాదు, తోఆకాసె నా గుడిసెకి వచ్చి అంది. "వదినమ్మా, మీ మరదలు కోర్టుకి పోతే మా ఆయన లాయరు ఊరుకుంటాడా? రాజధానిలో ఆవిడ ఎవరో మగాడి ఇంట్లో ఉంటోందట కదా. విధవ మగతోడు చూసుకుంటే నేల హక్కు పోతుందని చట్టంలోనే ఉంది. అదంతా కోర్టులో విప్పుతారు" అంది. వాళ్ళాయన చెప్పి పంపాడని వేరే చెప్పాలా? ఇలాంటి మాట అక్క దగ్గర అతను ఎత్తలేడు, పెళ్ళాం నోరు అరువు తెచ్చుకున్నాడు.

అది నిజమైనా అబద్ధమైనా నీ పేరు బజారులో పడుతుంది. కితియోనే తల ఎత్తుకోలేడు. చెప్పాల్సింది చెప్పాను. మూడు నెలలు నోరు మూసుకుని ఉండు. నవంబరు దాటితే అందరికీ ప్రశాంతం.

లెసియేలి.


నుకుఅలోఫా,
సెప్టెంబరు 25, 1994.

లెసియేలి వదినకి,

నేల పోయి ఇక్కడికి వచ్చినప్పటి నుంచీ మీకు ఉత్తరం రాసేటప్పుడు కాగితం పైన జాగా వదిలి, మీ పేరు కన్నా నా అక్షరాలు చిన్నగా రాశాను. ఈసారి మామూలుగా రాస్తున్నాను. చదవడానికి మీ కళ్ళకీ సులువు.

నేను ఉంటున్నది పాలెసీగారి ఇంటి వెనక గదిలో. ఆయనకి డెబ్బై ఎనిమిదేళ్ళు. రెండు కళ్ళూ లేవు. ఆయన కూతురు పగలు ఆస్పత్రిలో పని చేస్తుంది. నేను ఆయనకి వంట చేసి, సాయంత్రం ప్రార్థనలు చదివి వినిపిస్తాను. నా మగతోడు సంగతి ఇదీ. ఆయనకి చెబితే పళ్ళు లేని నోటితో నవ్వి, "యాభై ఏళ్ళ తర్వాత నా గురించి ఇంత మంచి పుకారు పుట్టింది. నేనే వచ్చి చెబుతాను, నన్ను ఓడ ఎక్కించు" అన్నారు.

కోర్టులో విప్పుతారట. విప్పనివ్వండి. నేను మెల్లగా మాట్లాడతానని అందరూ అంటారు. మెల్లగా మాట్లాడేవాళ్ళకి చెప్పేది ఏమీ లేదని సతేకి అనుకున్నాడు. మీరూ అనుకున్నారు. నేనూ కొన్నాళ్ళు అలాగే అనుకున్నాను.

మీ మాట మీరానని అన్నారు. మీరాను. దానికి దేవుడి దగ్గర క్షమాపణ అడుగుదామని చాలాసార్లు మోకరించాను. ప్రతిసారీ నోట్లోంచి వేరే ప్రార్థన వచ్చింది. దాంతో నాకు అర్థమైంది, అది పాపం కాదు. పాపమైతే నేను అడగకుండా ఉండలేను, నాకు ఆ భయం ఉంది.

చచ్చినవాడి కోసం ఏడవడానికి ఏడాది ఇచ్చారు మనవాళ్ళు. చచ్చినవాడి పిల్లల కోసం అడగడానికి ఏడాది ఇచ్చింది చట్టం. రెండూ మంచివే. కానీ ఒకటి చేస్తే రెండోది చేయకూడదని అన్నది ఎవరు? దేవుడు అనలేదు. రాజు అనలేదు. మీ నోటి నుంచి వచ్చింది. మీకు ఆ మాట ఎవరు అందించారు వదినా? ఒకసారి గుర్తు చేసుకోండి.

అనుమతి ఇక అడగను. సాక్షి ఉన్నా లేకపోయినా దావా వేస్తున్నాను. ఓడిపోతే, అడిగి ఓడిపోయిన అమ్మ అంటాడు నా కొడుకు. అడగని అమ్మ అనడు.

మెలెనైతె.


లెయిమతూఅ, వవావు,
నవంబరు 6.

మెలెనైతె,

ఈ ఉత్తరం పాస్టరుగారి భార్య చేతికి ఇచ్చి పంపుతున్నాను. పోస్టులో వేస్తే తోఆకాసె అక్క కొడుకు చేతి మీదుగా పోతుంది.

గుర్తు చేసుకోమన్నావు. ఆరు వారాలుగా అదే పని.

సియాఓసి పోయిన రోజు సాయంత్రం సతేకి వచ్చాడు. తమ్ముడి వరస కనుక గడప దాటలేదు. బయట నేల మీద కూర్చుని, తల వంచుకుని, ఎంత మర్యాదగా అడిగాడనుకున్నావు! "అక్కా, నువ్వు మేనత్తవి. రేపు అందరి ముందు నువ్వొక మాట అనాలి. చాప విప్పేదాకా నేల మాట వద్దని చెప్పు. లేకపోతే మనవాళ్ళు శవం దగ్గరే కొట్టుకుంటారు. సియాఓసికి అవమానం" అన్నాడు. కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు. నేనూ పెట్టుకున్నాను. ఆ మాట నాదే అనుకుని గర్వంగా అన్నాను. ఏడాది నిండిన రోజున పంది కాల్చడానికి అతను రాలేదు. పొట్టనొప్పి అన్నారు. ఆ మర్నాడు పొద్దున్నే పెద్ద పెండలాలు మోయించుకుని దొర ఇంటి గుమ్మంలో ఉన్నాడు. ఊళ్ళో అందరికీ ఆచారం నేర్పింది అతను. క్యాలెండరు చూసుకున్నదీ అతనొక్కడే.

ఇప్పుడు అసలు సంగతి. తలుపు గడియ పెట్టి రాస్తున్నాను.

ఆ శుక్రవారం నేను నేయాఫులో ఉన్నాను. కిరసనాయిలు కోసం కొట్లో నిలబడ్డాను. వాన. ఎదురుగా నేల ఆఫీసు తలుపు తెరుచుకుంది. చాప ఒకటి నడిచి వచ్చింది. అంతే కనిపించింది నాకు, చాప, దాని కింద రెండు పాదాలు. ఆ పాదాలు నాకు తెలుసు. ఎడమ మడమ మీద కత్తి గాటు. మా తమ్ముడి పెళ్ళికి వంట చేస్తూ నువ్వు కోసుకున్నదే.

వెనకే ఫెలెతీ గొడుగు పట్టుకుని మెట్లు దిగాడు. కుడిచేత్తో గొడుగు, ఎడమచేతిలో మడిచిన కాగితం. వాన జల్లు కొడుతోందని ఆ కాగితం చొక్కా జేబులో పెట్టుకుని, పైన బొత్తాం పెట్టాడు. నువ్వు తల ఎత్తలేదు, నీకు తెలియదు. నీ కాగితం పుస్తకంలో ఎందుకు లేదో నాకు పదేళ్ళుగా తెలుసు మెలెనైతె. అది అతని చొక్కాతో పాటు ఉతుక్కి వెళ్ళింది.

నాకు ఒళ్ళు మండింది. నా మాట కాదని చాపతో ఆఫీసుకా అని. అందుకే నీ చాప విప్పడానికి రాలేదు. తలనొప్పి లేదు. తర్వాత సతేకి, "ఎవరూ అడగలేదు, అందుకే దొర నాకిచ్చాడు" అని చర్చి ముందు నిలబడి అన్నప్పుడు నేను రెండో వరుసలో ఉన్నాను. నోరు విప్పలేదు. మొదట కోపం. తర్వాత సిగ్గు. ఆ తర్వాత అతని పెండలం.

ఇప్పుడు చెప్పు, నేనేం చేయాలి? చెప్పానంటే ఈ గుడిసె ఉండదు. నువ్వే చెప్పు. మొదటిసారి నేను నిన్ను అడుగుతున్నాను.

లెసియేలి.


నుకుఅలోఫా,
నవంబరు 18, 1994.

వదినా,

ఈ రోజు పదకొండు గంటలకి దావా వేశాం. పది రోజులు మిగిలి ఉన్నాయి. లోసలీనె ముద్ర వేసి, తేదీ మీద ఊది ఆరబెట్టింది. "ఇది జేబులో పెట్టుకోవడానికి ఎవరికీ ఇవ్వను పిన్నీ" అంది. మీ ఉత్తరం అందిన మర్నాడు ఆ పిల్లకి చొక్కా సంగతి చెప్పాను లెండి.

మీ ఉత్తరం చదివి మొదట ఏడ్చాను. తర్వాత బాగా కోపం వచ్చింది. ఒక బొంత మొత్తం ఇస్త్రీ చేశాను, ఎవరూ అడక్కుండానే. పదేళ్ళు వదినా! కితియోనే వెన్ను మీద పదేళ్ళ బస్తాలు. క్షమించానని ఇప్పుడే రాస్తే అబద్ధం అవుతుంది. ప్రార్థన చేస్తున్నాను, వచ్చినప్పుడు రాస్తాను.

ఏం చేయాలో అడిగారు. వచ్చి చెప్పండి. చూసింది చూసినట్టు, జేబూ బొత్తామూ అన్నీ. ఫిబ్రవరిలో జడ్జిగారు నేయాఫు వస్తారు. గుడిసె పోతే నా గది ఉంది. పాలెసీగారికి చెప్పాను, "ఇంకో ఆడమనిషా! నా పుకారు పెరిగిపోతోంది" అన్నారు.

ఇంకొకటి. సాక్ష్యం అయ్యాక కూడా గదిలోంచి వెళ్ళకండి. సతేకికి ఎదురుగా, అతనికి కనిపించేలా కూర్చోండి. నా శీలం సంగతి విప్పుతామన్నారుగా? అక్కా తమ్ముడూ ఒకే గదిలో ఉండగా అలాంటి మాట ఎత్తించే మగాడు మన దీవుల్లో ఇంకా పుట్టలేదు. ఆచారాన్ని అడ్డం పెట్టి మన నోరు కట్టాడు. అదే ఆచారం ఈసారి ఎవరి నోరు కడుతుందో చూద్దాం.

మెలెనైతె.


నుకుఅలోఫా,
మార్చి 9, 1995.

మెలెనైతె,

నీ మంచం మీద కూర్చుని రాస్తున్నాను. మంచం గట్టిది, నా మోకాళ్ళకి ఇదే మంచిది. పాలెసీ ముసలాయనకి నా వంటలో ఉప్పు ఎక్కువట. కళ్ళు లేవు గాని నాలుక మాత్రం జమీందారుది.

నువ్వు తీర్పు కోసం అక్కడే పాస్టరుగారింట్లో ఉన్నావు గనుక, ఆ రోజు కోర్టులో నువ్వు చూడనిది రాస్తాను. ఆ పాత చాప కట్టుకుని, చెవుల దాకా దాంట్లో మునిగి, తల దించుకుని కూర్చున్నావు. ఏమీ చూసి ఉండవు. నువ్వు గుమ్మంలో అడుగు పెట్టగానే ఆడవాళ్ళందరూ జరిగి దారి ఇచ్చారు. తెల్ల జడ్జిగారు, ఆచారాలు చెప్పడానికి పక్కన కూర్చున్న మన పెద్దమనిషిని, "ఈ వేషం ఏమిటి?" అన్నట్టు చూశారు. ఆయన చెవిలో చెప్పాడు, "ఆ రోజు ఆఫీసుకి ఇలాగే వెళ్ళిందట. ఇలా వచ్చిన మనిషిని చూసినవాళ్ళు చచ్చేదాకా మరిచిపోరు దొరా" అని. నేను ముందు వరుసలో ఉన్నాను, విన్నాను.

నా సాక్ష్యం నువ్వు విన్నావు. సతేకి లాయరు గొంతు పెంచి, "పదేళ్ళు నోట్లో ఏం పెట్టుకున్నావమ్మా?" అన్నాడు కదా. "సతేకి పంపిన పెండలం" అన్నాను. జనం నవ్వారు. నేను నవ్వించడానికి అనలేదు.

తర్వాత నువ్వు చెప్పినట్టే సతేకికి ఎదురుగా కూర్చున్నాను. లాయరు నీ వైపు తిరిగి, "నుకుఅలోఫాలో ఏ మగవాడి ఇంట్లో..." అని మొదలుపెట్టాడు. ఇది నువ్వు చూడాల్సింది! సతేకి చెవులు ఎర్రబడ్డాయి. నా వైపు చూడలేదు. లేచాడు. వంగి, తల దించుకుని, బెంచీల మధ్య నుంచి బయటికి పోయాడు. వాళ్ళ అన్నదమ్ములు ముగ్గురూ వెనకే పోయారు. నాకు తమ్ముడి వరసైన వాళ్ళు ఎంతమంది ఉన్నారో అంతమందీ పోయారు. లాయరు తిరిగి చూస్తే అతని వెనక బెంచీలు ఖాళీ. "నా... నా ప్రశ్న ఏమిటంటే..." అన్నాడు. జడ్జిగారు, "మీ మనిషి ఎక్కడికి వెళ్ళాడు?" అని అడిగారు. మన పెద్దమనిషి మళ్ళీ చెవిలో చెప్పాడు. ఈసారి చాలాసేపు చెప్పాడు. జడ్జిగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. లాయరు ప్రశ్న వదిలేశాడు.

ఇంటికి వెళ్ళేసరికి నా పెట్టె, చాపలు గుడిసె బయట వానలో ఉన్నాయి. తోఆకాసె తలుపు చాటు నుంచి, "మీ మరదలి దగ్గరికే పోండి" అంది. "అక్కడికే పోతున్నాను, నా పెండలం బాకీ కోర్టులో తీర్చేశాను" అన్నాను.

నీ చాప నేను విప్పుతానని కోర్టు మెట్ల మీద చేయి చాపితే నువ్వు వెనక్కి జరిగావు. నాకు కష్టం వేసింది. కానీ నీది న్యాయమే అనుకున్నాను.

లెసియేలి.


లెయిమతూఅ, వవావు,
మే 16, 1995.

వదినా,

తీర్పు శుక్రవారం చదివారు. ఇంగ్లీషులో చాలాసేపు చదివారు. నాకు అర్థమైంది చివర మన భాషలో చెప్పిన నాలుగు మాటలే. కాగితం గుమాస్తా చేతికి ఇచ్చిన రోజే అడిగినట్టు లెక్క. అది గడువులోపలే. ఈ దావా కూడా గడువులోపలే. సతేకి పేరు కొట్టేసి, విధవ మెలెనైతె బతికినంత కాలం నేల ఆమెది, ఆమె తర్వాత ఆమె కొడుకుది అని ఈ కోర్టు ప్రకటిస్తోంది.

సతేకి ఆదివారం చర్చిలో నా ముందు బెంచీలోనే కూర్చున్నాడు. నేను ఎప్పటికన్నా గట్టిగా పాడాను. పక్కావిడ పుస్తకం దించి చూసింది.

కితియోనే నిన్న ఓడ దిగాడు. తోట అంతా అడవి పట్టింది. తీగలు సగం చచ్చాయి, సగం బతికాయి. బతికినవాటికి మొదలు కప్పాలి, తడి నిలవాలి. నా దగ్గర పాత చాప ఉంది కదా. దాన్ని ముక్కలు కోసి, ఒక్కొక్క మొదలు చుట్టూ పరిచాను. ఆ రోజు మెట్ల మీద ఎందుకు వెనక్కి జరిగానో అడగకుండానే అడిగారు. వదినా, నా చాప పదేళ్ళ కిందటే నేను విప్పేసుకున్నాను. కోర్టుకి కట్టుకున్నది మైల కాదు, సాక్ష్యం. దాన్ని మీరు విప్పేది ఏముంది?

క్షమించడం సంగతి వచ్చినప్పుడు రాస్తానన్నాను. ఇవాళ పొద్దున పెండలం నాటడానికి గుంట తవ్వుతుంటే వచ్చింది. పూర్తిగా కాదు. మీకు ఒక గది కట్టేంత వచ్చింది. కితియోనే స్తంభాలు పాతుతున్నాడు. వచ్చే గురువారం ఓడ ఎక్కండి. పాలెసీగారి కూతురికి చెప్పి, ఆయనకి నచ్చిన ఉప్పు ఎంతో మన తర్వాత వంటకి వచ్చేవాళ్ళకి చూపించి రండి. పూలు పూసే కాలానికి మీకు నిమ్మముల్లు పట్టుకోవడం నేర్పుతాను. మీ చేతులు వణికినా ఫరవాలేదు, పువ్వు సాయంత్రం దాకా ఆగదు గాని ఒక పూటంతా ఓర్చుకుంటుంది.

ఒక్క షరతు. ఇది మీరు మేనత్త హోదాలో, ఊరందరి ముందు, మీ నోటితోనే చెప్పాలి. ఈ ఇంట్లో ఇకముందు ఎవరైనా పోతే ఆ రోజంతా ఏడుస్తాం. మర్నాడు పొద్దున చాపలు కట్టుకునే ఆఫీసుకి వెళతాం. పుస్తకంలో ఎక్కేదాకా అక్కడే నిలబడతాం. తర్వాత ఇంటికి వచ్చి, మిగిలిన ఏడాదంతా తీరిగ్గా ఏడుస్తాం.

మీ మరదలు,
మెలెనైతె.